పల్లపు మూల

మా ఆయన రోలండ్ మెటల్ డిటెక్టర్ నాకు పొడవెక్కువ. అతను ఆరడుగుల మనిషి. కడ్డీకున్న మర తిప్పితే అది నా ఎత్తుకు దిగుతుంది, పెద్ద పనేమీ కాదు. మార్చిలో అతను పోయినప్పటి నుంచి ఆ యంత్రం వంటింటి తలుపు వెనకే నిలబడి ఉంది. పిడికి అతను చుట్టిన నల్ల టేపు అరిగి, వేళ్ళు పడే చోట పల్లాలు పడ్డాయి. నేను మర జోలికి పోలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం దాన్ని మొదటిసారి బయటికి తీశాను. గోధుమ కోత అయిపోయి, కొత్త విత్తనం ఇంకా పడని రోజులవి. పొలాల్లో పాత నాణేలు, లోహపు వస్తువులు వెతికే డిటెక్టర్ల వాళ్ళకు ఏడాదిలో దొరికే కొద్ది వారాలు అవే. మా ఊరి క్లబ్బులో ఎవరైనా పోతే ఒక ఆచారం ఉంది. ఆ మనిషి పేరులోని మొదటి అక్షరాలు కొట్టిన ఇత్తడి బిళ్ళలు కొన్ని తయారుచేయించి, అతనికి ఇష్టమైన పొలంలో పాతిపెడతారు. మర్నాడు అందరూ యంత్రాలతో వచ్చి వాటిని వెతుకుతారు. బిళ్ళ దొరికిన వాళ్ళకు పళ్ళ కేకో, జామ్ సీసానో, ఉన్ని మేజోళ్ళో బహుమానం. సమాధి దగ్గర పూలు పెట్టి కాసేపు ఊరికే నిలబడడం వీళ్ళకు చేతకాదు. భూమిలో ఉన్నదాన్ని పైకి తీయడమే చేతనవును.

రోలండ్‌కి ఇష్టమైన పొలం లాంగ్ బ్రెక్. అందులోనూ దిగువన, వాగు పక్కనున్న పల్లపు మూల. అక్కడ కంచె చెట్ల వరస తిన్నగా వస్తూ వస్తూ, ఏమీ లేని చోట ఒక మెలిక తిరిగి, మళ్ళీ తిన్నగా పోతుంది. ఒకప్పుడు అక్కడ ఏదో ఉండబట్టే చెట్లు పక్కకు తొలగాయని అతను అనేవాడు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట వాగు దాటే రేవు అక్కడే ఉండేదనీ, రేవు పక్కన వారానికోసారి సంత జరిగేదనీ అతని నమ్మకం. ఏ పాత పటంలోనూ ఆ సంత లేదు. నమ్మకానికి ఆధారం అతనికి అక్కడ దొరికిన ఒకే ఒక నాణెం. హెన్రీ రాజు కాలపు వెండి పెన్నీ. గోరంత పల్చన. వెనకవైపు అంచు నుంచి అంచుకు సిలువ. సుత్తితో అచ్చు కొట్టినవి కనుక అలాంటి వాటిని వీళ్ళు సుత్తి వెండి అంటారు. అవి అంత తేలిగ్గా చిక్కవు. బంకమట్టిలో అంచు మీద నిలబడి ఉంటే, సరిగ్గా వాటి మీదుగా యంత్రం ఊపినా అది పలకదు.

రెండో నాణెం కోసం రోలండ్ చాలా శరదృతువులు ఆ మూలలోనే గడిపాడు.

“ఒక్కటంటే ఎవడి జేబుకో చిల్లు పడిందంటారు, హిలరీ,” అనేవాడు బూట్లకు అంటిన మట్టి గీక్కుంటూ. “ఇంకొక్కటి దొరికితే, అక్కడ మనుషులు నిలబడ్డారని ఒప్పుకోక తప్పదు.”

పొలాల్లో ఏం దొరికింది, ఎక్కడ దొరికింది అని నమోదు చేసే జిల్లా అధికారి రోవెనా. ఆమె కూడా ఆ మాటే మర్యాదగా చెప్పేది. ఈ ఏడు మాత్రం మాట మర్యాదతో ఆగలేదు. పొలం ఆసామి థాక్స్‌టర్ పల్లపు మూలలో చెరువు తవ్విస్తున్నాడు. ఎండలు ముదిరి బంగాళాదుంపలకు నీళ్ళు చాలడం లేదు. తవ్వే యంత్రాలు సోమవారం వస్తాయి. ఈలోగా రెండో నాణెం దొరికితే పని ఆపించి, ఆ మూలను పద్ధతిగా పరిశీలింపజేయగలనని రోవెనా అంది. దొరక్కపోతే అడిగే హక్కు ఆమెకు లేదు. రోలండ్ చెప్పింది నిజమో కాదో తెలియడానికి మిగిలింది ఆ ఒక్క ఆదివారం.

నేను వెళ్ళేసరికి గేటు పక్కన కార్లు బారులు తీరి ఉన్నాయి. క్లబ్బు అధ్యక్షురాలు బెరిల్ మడత బల్ల వేసి, టీ పాత్ర ఎక్కించి, సాసేజ్ రోల్స్ మీద ఈగలు వాలకుండా గుడ్డ కప్పుతోంది. క్లెమ్ లార్టర్ నాకు ఎదురొచ్చాడు. ఒకప్పుడు మా ఊరి బస్సు నడిపేవాడు. రోలండ్‌కి జతగాడు. వాళ్ళిద్దరూ కలిసి తిరగని పొలం చుట్టుపక్కల లేదు.

“అది నీ భుజం పీకేస్తుంది,” అన్నాడు నా చేతిలో యంత్రం చూసి. “ఇలా తే. మర తిప్పి పొట్టి చేస్తా.”

“వద్దు.”

“మొండిఘటానివి. వాడూ ఇంతే. గంతకు తగ్గ బొంత.”

వెనక నుంచి డేల్ గొంతు వినిపించింది. డేల్ ఇప్పుడు ప్లంబరు, ముగ్గురు పిల్లల తండ్రి. చదవడం నా దగ్గరే నేర్చుకున్నాడు.

“గుడ్ మార్నింగ్, మిస్! ఇవాళ బుద్ధిగా ఉంటాను. గోడ వైపు తిరిగి నిలబడమనకండి.”

“ఇక్కడ గోడ లేదు, డేల్. బూటు లేసు కట్టుకో.”

“చూశారా, ఇంకా వదల్లేదు ఈవిడ నన్ను!” అని అందరితో అంటూనే వంగి లేసు కట్టుకున్నాడు.

బెరిల్ చెంచాతో టీ పాత్రను కొట్టి నియమాలు చెప్పింది. బిళ్ళలన్నీ మెట్ట వైపే ఉన్నాయి, నిన్న సాయంత్రం క్లెమ్ పాతాడు. పల్లపు మూలలో ఏమీ పాతలేదు, పాతకూడదు.

“అది రోలీ మూల. ఇవాళ అక్కడ హిలరీ ఒక్కతే తిరుగుతుంది. ఇంకెవరి యంత్రమైనా అటు ముక్కు పెట్టిందో, టీ ఉండదు. డేల్, నీకే చెప్పేది.”

“నేనేం చేశాను ఇప్పుడు?”

“ఇంకా ఏం చెయ్యలేదు. అందుకే ముందే చెప్తున్నా.”

క్లెమ్ నాతో పాటు దిగువకు నడిచాడు. కోతకు మిగిలిన గోధుమ కొయ్యకాళ్ళు బూట్ల కింద పటపటమన్నాయి. వాగు దగ్గర మబ్బు నీడ పడి ఉంది. ఒక ఎండిన ముళ్ళ మొక్క చూపించి, “అక్కడ మొదలెట్టి గేటు వైపు పో,” అన్నాడు. “గడ్డి కోస్తున్నట్టు విసరకు. నిద్రపోయే బిడ్డ మొహం మీద ఈగను తోలుతావు చూడు, అలా.” చెప్పి, కాస్త దూరం వెళ్ళి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

ఇన్నేళ్ళూ నేను ఫ్లాస్కు మోసిన దాన్నే తప్ప యంత్రం పట్టలేదు. అయినా చాలా సంగతులు తెలుసు. రోజూ రాత్రి భోజనాల దగ్గర వినేవి అవే కదా. ఆ మూల మట్టి ఎండాకాలం తర్వాత జున్నుగడ్డలా అయిపోతుందని తెలుసు. పారతో కోస్తే పెళ్ళ ఒక్కటిగా లేస్తుందని, దాన్ని విరిస్తే లోపల పాత వేళ్ళు దారాల్లా అడ్డంగా ఉంటాయని తెలుసు. అక్కడి వెండి నల్లగా వస్తుందని తెలుసు. రోలండ్‌కి దొరికిన పెన్నీని మొదట చూసినప్పుడు కాలిన రొట్టె ముక్కలాంటిదేదో అనుకున్నాను.

చాలాసేపు ఏమీ పలకలేదు. తర్వాత ఒక సీసం ముక్క, ఒక ట్రాక్టరు నట్టు దొరికాయి. తీసిన ప్రతి గుంటా పూడ్చి కాలితో నొక్కాను. పూడ్చకుండా వదిలేసిన వాడితో రోలండ్ మాట్లాడేవాడు కాదు. ముళ్ళ మొక్కకూ గేటుకూ మధ్య ఒకచోట హెడ్‌ఫోన్లలో సన్నగా, తేటగా ఒక ధ్వని వచ్చింది. మళ్ళీ ఊపాను. మళ్ళీ అదే. మోకాళ్ళ మీద కూర్చుని పార దింపాను. పెళ్ళ లేవలేదు. మట్టి పొడిపొడిగా విడిపోయింది. వేళ్ళతో కెలికాను. వెండి మెరిసింది.

ఆ క్షణంలో నేను రోలండ్‌ని పిలవబోయాను. నోట్లో పేరు సగం వచ్చింది.

“సుత్తి వెండి!” అని క్లెమ్ దూరం నుంచి కేక పెట్టాడు. “హేయ్, హిలరీకి సుత్తి వెండి!”

మెట్ట మీద నుంచి అందరూ పరిగెత్తుకొచ్చారు. సుత్తి వెండి దొరికిన వాళ్ళు అక్కడికక్కడే ఒక గంతు వెయ్యాలని వీళ్ళ రివాజు. నా బదులు డేల్ వేశాడు, గంతు కాదు, మూడు నిమిషాల నాట్యం. బెరిల్ నన్ను కావలించుకుని ఏడ్చింది. రోవెనా చేతి తొడుగులు వేసుకుని నాణేన్ని భూతద్దం కింద పెట్టింది. రాజు ముఖం, గిరజాల జుట్టు, వెనక పొడుగు సిలువ, అన్నీ తేటగా ఉన్నాయి.

“అసలుదే,” అంది. “రోలండ్ దానికి కాస్త అటూ ఇటూగా అదే కాలం. ఇక నేను అడగొచ్చు, హిలరీ. రేపు ఆఫీసు తెరవగానే ఫోన్ చేస్తాను.”

థాక్స్‌టర్ గేటు మీద మోచేతులు ఆనించి అంతా చూస్తున్నాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. “అయితే రేపు రావద్దని వాళ్ళకి చెప్పాలన్నమాట,” అన్నాడు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

అందరూ నాణెం చుట్టూ మూగి మాట్లాడుకుంటున్నారు. నేను కింద గుంటలోకి చూస్తున్నాను. పొడి మట్టిలో, జానెడు లోతున, గోధుమ గడ్డి పరకలు రెండు ఉన్నాయి. పాతబడి నల్లబడినవి కాదు. ఈ ఆగస్టులో కోసినవి. బంగారు రంగు ఇంకా పోలేదు.

“రోవెనా,” అన్నాను, “టీ తాగేదాకా ఏమీ రాయకు.”

బడిలో పిల్లలకు బొమ్మ కోట చేసుకురమ్మని చెబుతాం. కొన్ని కోటల్లో తండ్రి చెయ్యి కనిపిస్తుంది. కత్తిరించిన అంచు మరీ తిన్నగా ఉంటుంది, జిగురు ఎక్కడా కారదు. అప్పుడు నేను క్లాసులో అందరి ముందూ ఏమీ అనను. బాగుందని బల్ల మీద పెట్టిస్తాను. ఆట విరామంలో ఒక్కసారి వచ్చి కనబడమంటాను. చాలాసార్లు నేను అడగక ముందే పిల్లలు చెప్పేస్తారు.

క్లెమ్ చెప్పలేదు. నాతో వాగు గట్టు దాకా వచ్చి, నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు.

“గుంటలో గడ్డి ఉంది, క్లెమ్.”

“పొలమన్నాక గడ్డి ఉండదా?”

“జానెడు లోతున. ఈ ఏటి గడ్డి.”

“నక్క తవ్వుంటుంది. కుందేలు తవ్వుంటుంది.”

“నేను చెయ్యి విప్పక ముందే నువ్వు సుత్తి వెండి అని అరిచావు.”

“బస్సు నడిపిన కళ్ళమ్మా ఇవి. దూరం బాగా ఆనుతుంది.”

“క్లెమ్.”

అతను గట్టు మీద కూలబడ్డాడు. టోపీ తీసి మోకాలికి తగిలించాడు. కాసేపు దాని అంచును తిప్పుతూ కూర్చున్నాడు.

“కుర్రతనంలో దొరికింది,” అన్నాడు చివరికి. “సముద్రం వైపు ఒక పొలంలో. ఆసామిని అడక్కుండా దూరాను. అందుకే ఎవరికీ చూపించలేదు, రోలీకి కూడా. తెలిస్తే వాడు నా మొహం చూసేవాడు కాదు. ఇన్నాళ్ళూ మేజోళ్ళ సొరుగులోనే ఉంది.”

“ఎందుకు పెట్టావు?”

“ఎందుకంటావేంటి! రేపు ఆ పసుప్పచ్చ రాక్షసి యంత్రాలొచ్చి అంతా గీకి పారేస్తాయి. వాడు చెప్పింది నిజం, హిలరీ. అక్కడ సంత ఉంది. నా ఎముకల్లో తెలుసు నాకు. ఒక్కటి చూపిస్తే చాలు, చదువుకున్నవాళ్ళొచ్చి బ్రష్షులేసి మిగతావన్నీ తీస్తారు. అన్ని అసలువి బయటపడ్డాక ఈ ఒక్కటీ ఎవరికి కావాలి?”

“ఏమీ బయటపడకపోతే?”

అతను మట్టిగడ్డ ఒకటి నీళ్ళలోకి విసిరాడు. వాగులో ఒక నీటికోడి రెల్లులోకి దూరింది. క్లెమ్ ఆలోచన నాకు బాగానే ఉందనిపించింది. నేను నోరు మూసుకుంటే చాలు. రేపు యంత్రాలు రావు. రోలండ్ ఇన్నేళ్ళు నడిచిన నేలను ఎవరో ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని, పొర పొర చొప్పున చూస్తారు. అంతకంటే నేను కోరుకున్నది ఏమీ లేదు. ఆరు నెలలుగా ఇంట్లో అతని వస్తువుల్లో ఒక్కదానికీ స్థలం మార్చనిదాన్ని.

కానీ అప్పటికే నాలో ఇంకో ప్రశ్న లేచింది. 

“మొదటిది?”

“మొదటిదేంటి?”

“రోలండ్‌కి దొరికింది. అదీ నువ్వే పెట్టావా?”

అర్థం కావడానికి అతనికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పూర్తిగా నా వైపు తిరిగాడు.

“ఛ. ఛ, హిలరీ. అది వాడిదే. ఆ రోజు నేనిక్కడ లేను, లిన్ పట్నంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నా. వాడు ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా అరిచాడు. మా అమ్మ మీద ఒట్టు. ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు.”

నేను అతని ముఖం చూడలేదు. ఆ నాణేన్ని గుర్తు తెచ్చుకున్నాను. రోలండ్ వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, దానికి పట్టిన మట్టిని గులాబీ ముల్లుతో తీసేవాడు. సూది అయితే గీత పడుతుంది, ముల్లయితే వెండికి హాని చెయ్యదు. మా పెరటి గోడకు పాకిన గులాబీ నుంచి ముళ్ళు తుంచి తెచ్చి ఇచ్చింది నేనే. వారం రోజులు సాయంత్రాలు అదే పని. అక్షరాల సందుల్లో మట్టి రాయిలా బిగిసి ఉండేది. ఒక్కో అక్షరం బయటపడినప్పుడల్లా నన్ను పిలిచి చూపించేవాడు. మట్టి అలా బిగియడానికి ఒక్క సాయంత్రం చాలదు. ఏ సొరుగులోనూ అలా బిగియదు.

“నమ్ముతున్నాను,” అన్నాను. నమ్మింది క్లెమ్ ఒట్టును కాదు, ఆ మట్టిని. అది అతనికి చెప్పలేదు.

“అయితే ఇప్పుడేంటి? పోయి రోవెనాకి చెప్తావా?”

“నువ్వు చెబుతావు.”

“చెప్తే క్లబ్బులోంచి గెంటుతారు. పొలంలో దొంగ నాణెం పెట్టినోడికి ఈ జిల్లాలో ఎవడూ గేటు తియ్యడు.”

“తెలుసు.”

“అంతా తెలిసి, వాడి మూలని చేజేతులా పోగొట్టుకుంటావా? మూలే కదే వాడికి మిగిలింది!”

“క్లెమ్, ఇందాక నేను నిన్ను ఏం అడిగాను?” అన్నాను. “మొదటిదీ నువ్వే పెట్టావా అని. అతనితో అన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నదాన్ని నాకే ఆ అనుమానం వచ్చింది. దీన్ని దాని పక్కన రాస్తే, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అదే అడుగుతారు. అప్పుడు జవాబు చెప్పడానికి మనం ఉండం.”

అతను టోపీ తలకు పెట్టుకున్నాడు. లేవడానికి నేను చెయ్యి ఇచ్చాను. గట్టు ఎక్కేటప్పుడు ఒకసారి ఆగి, “మూడో క్లాసు పిల్లల్ని కూడా ఇలాగే చేస్తావా?” అన్నాడు.

“ఇంకా మెత్తగా.”

“పాపం వెధవలు.”

టీ బల్ల దగ్గర అతను నిలబడి చెప్పాడు. బాగా చెప్పలేదు. మొదట ఏదో జోకు మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. సొరుగు సంగతి, గడ్డి సంగతి చెప్పాడు. ఎందుకు చేశాడో మాత్రం చెప్పలేదు. అక్కడున్న వాళ్ళలో అది తెలియని వాళ్ళు ఎవరూ లేరు.

“అంటే నేను నాట్యం చేసింది నీ మేజోళ్ళ సొరుగు కోసమా?” అన్నాడు డేల్. ఎవరూ నవ్వలేదు. డేల్ తల దించుకుని బూటు లేసు వంక చూసుకున్నాడు.

రోవెనా నాణేన్ని చిన్న సంచిలోంచి తీసి క్లెమ్ అరచేతిలో పెట్టి, అతని వేళ్ళు మూసింది. బెరిల్ కళ్ళు తుడుచుకుని అధ్యక్షురాలి గొంతుతో మాట్లాడింది. “ఈస్టర్ దాకా నువ్వు యంత్రం పట్టడానికి లేదు, క్లెమ్ లార్టర్. ఏ పొలంలోనూ. తర్వాత సంగతి కమిటీ చూస్తుంది. టీ తాగుతావా?”

“తాగుతా.”

“చక్కెర ఎక్కువేశాను. నోరు మూసుకుని తాగు.”

థాక్స్‌టర్ గేటు దగ్గర నుంచి నెమ్మదిగా నడిచి వచ్చాడు. బల్ల దగ్గర అందరినీ దాటుకుని నా ముందు నిలబడ్డాడు.

“అయితే వాళ్ళని రేపు రమ్మనొచ్చునా, హిలరీ?”

అతను అలా నన్ను అడగనవసరం లేదు. పొలం అతనిది.

“రమ్మను,” అన్నాను.

అతను ఆకాశం వంక చూశాడు. “వెలుగు పోయేదాకా ఈ పొలం మీ అందరిదీ. గేటు నేను తర్వాత వేసుకుంటా.”

నేను యంత్రం తీసుకుని పల్లపు మూలకు దిగాను. కొంత దూరం వెళ్ళాక వెనక కొయ్యకాళ్ళ చప్పుడు వినిపించింది. బెరిల్ వస్తోంది, డేల్ వస్తున్నాడు, తక్కినవాళ్ళందరూ వస్తున్నారు. మెట్ట మీద ఇత్తడి బిళ్ళలు సగం పైగా ఇంకా భూమిలోనే ఉన్నాయి. ఎవరూ వాటి మాట ఎత్తలేదు. వాగు నుంచి కంచె దాకా భుజం భుజం కలిపి ఒకే వరసగా నిలబడ్డారు. బెరిల్ తల ఊపగానే వరస కదిలింది. బూట్ల చప్పుడు, యంత్రాల సన్నటి కూతలు తప్ప మాట లేదు. క్లెమ్ తన డిటెక్టర్‌ని కారు డిక్కీలో పెట్టి తాళం వేసి, పార ఒకటి పట్టుకొచ్చాడు. వరస వెనక నడుస్తూ, మేము తవ్విన ప్రతి గుంటనూ పూడ్చి, కాలితో నొక్కి, కొయ్యకాళ్ళు ఉన్నవి ఉన్నట్టు నిలబెడుతూ వచ్చాడు.

ఒక చివర నుంచి ఇంకో చివరకు, మళ్ళీ అడ్డంగా, వెలుగు పలచబడేదాకా అలా తిరిగాం. తుపాకీ గుండు ఒకటి, ఒక బూటు కట్టు, గుర్రపు జీను బిళ్ళ, చాలా సీసం, నా తల్లి పుట్టక ముందటి బీరు సీసా మూతలు దొరికాయి. వెండి దొరకలేదు.

సోమవారం నేను బడిలో ఉన్నాను. యంత్రాల మోత అక్కడికి వినిపించదు.

అక్టోబరు సెలవుల్లో అటు వెళ్ళాను. పల్లపు మూల లేదు. దాని చోట నల్లటి ప్లాస్టిక్ గుడ్డ పరిచిన పెద్ద పల్లెం లాంటిది ఉంది, అడుగున కాస్త వాన నీరు. కంచె మెలిక తిరిగిన చోట చెట్లు కొట్టేశారు. తవ్విన బంకమట్టిని గాదె ఎత్తున కుప్ప పోసి, తర్వాత మెట్ట పొలం మీద పరిచారు. ఆ మట్టి ఎక్కడికీ పోలేదని క్లెమ్ నాకు ఫోన్ చేశాడు.

“ఆ పరిచిన మట్టిలో నాణెం దొరికినా అది ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు,” అన్నాను. “చెరువు సగం పొలం మింగింది. ఆ మట్టి అంతా కలిసిపోయింది.”

“తెలుసు. ఊరికే నడుద్దాం. నేను పారే పట్టుకుంటాలే. బెరిల్ చూసినా ఏమీ అనదు.”

అలా నవంబరులో ప్రతి ఆదివారం మధ్యాహ్నం నడిచాం. ఆ రోజుల్లోనే ఒకనాడు యంత్రానికి మర తిప్పి పొట్టి చేసుకున్నాను. క్లెమ్ చూశాడు. నా ముందు నేల, నా వెనక అతను. థాక్స్‌టర్ ట్రాక్టరులో పోతూ చెయ్యి ఎత్తేవాడు.

ఒక ఆదివారం, చలికి వేళ్ళు బిగుసుకుపోయి ఇక వెళ్దామనుకుంటుండగా, యంత్రం ఒకసారి పలికీ పలకనట్టు పలికింది. ఇటు నుంచి ఊపితే ఉంది, అటు నుంచి ఊపితే లేదు. అంచు మీద నిలబడినవి అలాగే పలుకుతాయని రోలండ్ చెప్పేవాడు. పారతో పెళ్ళ లేపాను. బంకమట్టి కనుక ఒక్కటిగా వచ్చింది. రెండుగా విరిచాను. ఒక సగంలో సన్నటి నల్లటి గీత ఉంది. గోటితో మీటితే పక్కకు ఒరిగింది. నల్లటి బిళ్ళ. కాలిన రొట్టె ముక్కలాంటిది. ఒక పక్క మట్టి పొర కింద, గుడ్డివాళ్ళు తడిమితే తెలిసేంత సన్నగా, ఒక గీత.

నేను తల ఎత్తి క్లెమ్ వంక చూశాను. ఎందుకు చూశానో అతనికి వెంటనే తెలిసింది. పార కింద పడేసి, చేతులు రెండూ చాచి చూపించాడు.

“నేను కాదు, హిలరీ. నా దగ్గర ఉన్నది ఒక్కటే, రోవెనా తిరిగిచ్చాక అదీ బెరిల్‌కి ఇచ్చేశాను. వచ్చినప్పట్నుంచీ నీ వెనకే ఉన్నా. కావాలంటే మేజోళ్ళు విప్పి చూపిస్తా.”

“వద్దు. చలిగా ఉంది.”

అతను దగ్గరకు వచ్చి, చేతులు వెనక్కు కట్టుకుని, ముట్టుకోకుండా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. “ఒరే రోలీ,” అన్నాడు చివరికి, మామూలు గొంతుతో, పక్క పొలంలో ఉన్న మనిషిని పిలిచినట్టు. తర్వాత పార తీసుకుని గుంట పూడ్చాడు.

ఆ సాయంత్రం రోవెనాకి ఫోన్ చేశాను. ఆమె అంతా వింది.

“ఎక్కడ దొరికిందని రాయను, హిలరీ?”

“తవ్వి పోసిన మట్టిలో అని రాయి.”

“పల్లపు మూల అని రాయలేను. నాకూ తెలుసు, నీకూ తెలుసు, కానీ...”

“మనకు తెలియదు,” అన్నాను. “తవ్వి పోసిన మట్టిలో అనే రాయి. అదే సరైన మాట.”

ఫోన్ పెట్టేశాక బల్ల మీద పాత పేపరు పరిచాను. పెరట్లో గులాబీకి ఆకులు రాలిపోయాయి, ముళ్ళు ఉన్నాయి. ఒకటి తుంచుకొచ్చి దీపం దగ్గరకు జరిగి కూర్చున్నాను. భోజనం వేళకు సిలువ చెయ్యి ఒకటి బయటపడింది. దాని పక్కన అక్షరం సందులో మట్టి రాయిలా బిగిసి ఉంది. నెమ్మదిగా తోస్తుంటే ముల్లు మొన విరిగింది. లేచి, శాలువా కప్పుకుని, ఇంకో ముల్లు కోసం పెరట్లోకి వెళ్ళాను.